కంతి నెత్తురును ఎట్లా పిలుచుకుంటుంది?

1881వ సంవత్సరం జనవరి 29వ తేదీన వియన్నా నగరంలో థియొడార్ బిల్‌రోత్ అనే శస్త్రవైద్యుడు 43 ఏండ్ల స్త్రీ ఒకామెకు క్లోరోఫాం ఇప్పించి, కడుపు కోసి, జీర్ణాశయం చివరిభాగాన పెరిగిన కాన్సరు కంతిని తొలగించినాడు. మిగిలిన జీర్ణాశయాన్ని చిన్నప్రేవుకు పట్టుదారంతో కుట్టినాడు. ఇదే సాహసాన్ని అంతకు ముందు 1879లో పేయాన్, 1880లో రిడిగీర్ చేసినారు. ఇద్దరి రోగులూ కొద్దికాలంలోనే మరణించినారు. బిల్‌రోత్ రోగి మాత్రం లేచి కూర్చున్నది, అన్నపానాలు తీసుకొన్నది. ఐరోపా వైద్యలోకం జయజయధ్వానం చేసినది. ఆ ధ్వని సద్దుమణగక ముందే, సుమారు నాలుగు నెలలకు, వ్యాధి తిరిగి తల ఎత్తి ఆమెను బలిగొన్నది.

ఆ నాలుగు నెలలను గురించే నేను చెప్పదలచినాను. శస్త్రవైద్యుని కంటికి కనిపించిన కంతి అంతా పోయినది. కనిపించకుండ మిగిలిపోయినవి ఆవగింజకంటె చిన్నవైన కణసమూహాలు. అంత చిన్నవి ఇంత స్వల్పకాలంలో మనిషిని చంపగలంతగా ఎట్లా పెరిగినవి? పెరుగుటకు ఆహారం కావాలి, ప్రాణవాయువు కావాలి. శరీరంలో ఈ రెండింటినీ మోసుకొని వచ్చేది నెత్తురు ఒక్కటే. అయితే ఆ నెత్తురును అక్కడికి తీసుకొనివచ్చిన వారెవరు?

కంతులలో నెత్తురు విస్తారంగా ఉంటుందని వైద్యులకు తెలియని విషయం కాదు. కత్తి పెట్టిన ప్రతివానికీ అది అనుభవమే. జర్మనీలో ఫిర్ఖో మహాశయుడు 1860లలోనే కంతులలోని రక్తనాళాలను వర్ణించినాడు. 1907లో ఎడ్విన్ గోల్డ్‌మన్ అనే వైద్యుడు కంతులలోని నాళాలలోకి బిస్మత్ కలిపిన ద్రవాన్ని ఎక్కించి, అవి చుట్టుప్రక్కల ఉండే మామూలు నాళాలవలె క్రమంగా ఉండవనీ, కాన్సరు చొరబడిన చోటికి కొత్తకొమ్మలు తన్నుకొని వస్తాయనీ చూపినాడు. జీర్ణాశయపు కాన్సరు కూడ ఆయన పరీక్షించినవాటిలో ఉన్నది. 1945లో అమెరికాలో ఆల్గైర్ అనే శాస్త్రజ్ఞుడు చిట్టెలుక చర్మంలో అద్దపు కిటికీ వంటిది అమర్చి, దాని గుండా రోజు రోజూ నాళాలను లెక్కపెట్టినాడు. కంతి త్వరగా పెరగడానికి ముందు నాళాలు పెరుగుతూన్నవని ఆయన గమనించినాడు. ఇంత స్పష్టంగా చెప్పిన మాటను కూడ లోకం పాతికేండ్లు ప్రక్కన పెట్టివేసినది. పుండు ఉన్నచోట ఎరుపు ఉంటుంది, వాపు ఉంటుంది, నెత్తురు చేరుతుంది. కంతి దగ్గర చేరే నెత్తురు కూడ అటువంటిదే అని చాలమంది అనుకొన్నారు. పొగకూ నిప్పుకూ తేడా తెలుసుకోకపోవడం వంటి పొరపాటు ఇది. ఏది కారణం, ఏది కార్యం అన్నది తేలలేదు.

1955లో ఇంగ్లండులో థామ్లిన్‌సన్, గ్రే అనే ఇద్దరు మనిషి ఊపిరితిత్తుల కాన్సరు ముక్కలను సూక్ష్మదర్శినిలో కొలిచి చూచినారు. నాళానికి సమీపాన ఉన్న కణాలు సజీవంగా ఉన్నవి. మిల్లీమీటరులో ఐదవవంతు దూరం పోయేసరికి అన్నీ చచ్చిన కణాలే. ప్రాణవాయువు నెత్తురునుండి ఊరి అంతకంటె దూరం పోలేదు. కాలువకు దూరమైన మడి ఎండిపోయినట్లు, నాళానికి దూరమైన కణం చచ్చిపోతుంది. ఈ చిన్న కొలత ముందుముందు కథ అంతటికీ ఇరుసు.

ఇక ఇక్కడ జూడా ఫోక్‌మన్ ప్రవేశిస్తాడు. 1933లో పుట్టిన ఈ శస్త్రవైద్యుడు 1960 ప్రాంతాన అమెరికా నౌకాదళ వైద్యాలయంలో పని చేయవలసి వచ్చినది. నెలల తరబడి సముద్రంలో ఉండే ఓడలకు నిలువ ఉండగల కృత్రిమ రక్తం కావాలని నౌకాదళం వారి కోరిక. ఆ ద్రవం పని చేస్తుందో లేదో చూచుటకు ఫోక్‌మన్, ఆయన సహచరుడు బెకర్, జంతువు గళగ్రంథిని శరీరంనుండి వేరుచేసి, గాజుపాత్రలో ఉంచి, నాళాల గుండా ఆ ద్రవాన్ని ప్రవహింపజేసినారు. గ్రంథి బ్రతికినది. అందులో కాన్సరు కణాలు వేసి చూచినారు. అవి పెరిగి, మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో కాగానే ఆగిపోయినవి. చచ్చినవా అంటే అదీ కాదు. ఆ చుక్కలనే తీసి తిరిగి ఎలుకకు అంటగడితే మహాకంతులై ఎలుకను చంపినవి. గాజుపాత్రలో లేనిదీ, ఎలుకలో ఉన్నదీ ఏమిటి? పాత్రలోని గ్రంథి కొత్త నాళాలను మొలిపించలేదు. అంతే భేదం.

ఫోక్‌మన్ 1967లో బోస్టన్ బాలల వైద్యశాలకు ప్రధాన శస్త్రవైద్యుడైనాడు. తెలుగువారికి ఆ వైద్యశాల పేరు పూర్తిగా పరాయిది కాదు. భీమవరంలో పుట్టిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనశాలలో తయారైన అమినోప్టెరిన్ అనే మందును 1947, 48 సంవత్సరాలలో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరుతో బాధపడే పసిబిడ్డలకు ఇచ్చి, ఆ వ్యాధిని కొంతకాలమైనా వెనుకకు నెట్టవచ్చునని మొట్టమొదట రుజువు చేసినది అక్కడనే. కణం తనలో తాను విభజన పొందకుండ అడ్డుకోవడం సుబ్బారావుగారి మందు చేసిన పని. ఫోక్‌మన్ ఆలోచన వేరుదారి పట్టినది. కణాన్ని వదలి, దానికి అన్నం తెచ్చే దారిని కట్టివేయరాదా అన్నాడు.

1971 నవంబరులో ఆయన ప్రకటించిన వ్యాసంలో మూడు మాటలు ఉన్నవి. కొత్త నాళాలు రానిదే కంతి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటదు. కంతి ఒక పదార్థాన్ని వెలువరించి ఆ నాళాలను రప్పించుకుంటుంది. ఆ పదార్థాన్ని అడ్డితే కంతి పెరుగుట ఆగుతుంది. మరుసటి సంవత్సరం ఆయన బృందం కుందేటి కంటిలో దీనికి సాక్ష్యం చూపినది. కంటి ముందరి గదిలోని నీటిలో తేలియాడే కంతి చిన్న ముత్యమంత అయి ఆగిపోయినది. కనుపాపకు దగ్గరగా నాటినది మాత్రం, నాళాలు వచ్చి చేరగానే, కన్ను నిండిపోయేటట్లు పెరిగినది.

నమ్మినవారు తక్కువ. జీవరసాయన శాస్త్రజ్ఞులు, ఆ పదార్థం ఏదో చూపమన్నారు. చూపడానికి ఆయన చేతిలో ఏమీ లేదు. ఈ కథ చెప్పేవారు సాధారణంగా అవిశ్వాసులను మూర్ఖులుగా చిత్రిస్తారు. నాకు అది న్యాయంగా తోచదు. కత్తి పట్టినవాడు తాను చూచినదాన్ని నమ్మినాడు. త్రాసు పట్టినవాడు తూచి చూపమన్నాడు. ఇద్దరి మాటా సబబే.

తూచి చూపడానికి పన్నెండేండ్లు పట్టినది. 1983లో బోస్టన్‌లోనే సెంగర్, ద్వొరాక్ అనేవారు కంతులు స్రవించే ఒక మాంసకృత్తును పట్టుకొన్నారు. నాళాల గోడలనుండి నీరు కారేటట్లు చేయడం దాని లక్షణమని వారు గుర్తించి, ఆ లక్షణాన్ని బట్టే పేరు పెట్టినారు. కడుపు కాన్సరు ముదిరినవారికి పొట్టలో నీరు చేరడం మనలో చాలమంది కళ్లార చూచి ఉంటారు. దానికి గల హేతువులలో ఈ మాంసకృత్తు ఒకటి. 1989లో కాలిఫోర్నియాలో ఫెరారా వేరొక దారిన, ఆవు మెదడు క్రింద ఉండే పిట్యూటరీ గ్రంథి కణాలనుండి, నాళాలను పెంచే మాంసకృత్తును వేరుచేసినాడు. పోల్చి చూస్తే రెండూ ఒకటే. వి.ఇ.జి.ఎఫ్. అనే పేరు దానికి స్థిరపడినది. ఫోక్‌మన్ ఊహించిన కబురు ఇదే.

కబురు దొరికినది. దాన్ని వ్రాసి పంపేవారు ఎవరన్నది తరువాతి ప్రశ్న. ఇక్కడ శ్రోతలు కొంచెం ఓపిక పట్టాలి.

మన ఊళ్లలో కరణాలు ఉన్న రోజులలో గ్రామపు లెక్కలన్నీ దఫ్తరంలో కట్టి ఉండేవి. ప్రతి కాగితమూ ప్రతిరోజూ బయటికి రాదు. ఎవరికైనా నకలు కావలసి వచ్చినప్పుడు ఆ కట్ట విప్పి, ఆ ఒక్క కాగితం నకలు తీసి ఇచ్చేవారు. కణకేంద్రంలోని జన్యువులు అటువంటి కాగితాలు. జీర్ణాశయపు కణంలోనూ, కంటి కణంలోనూ ఉన్న దఫ్తరం ఒకటే. ఏ కాగితానికి నకలు తీయాలన్న ఉత్తరువులోనే భేదం. ఆ ఉత్తరువు ఇచ్చే మాంసకృత్తులను ట్రాన్స్‌క్రిప్షన్ ఫాక్టర్లు అంటారు. నకలు కారకాలని మనం చెప్పుకోవచ్చు. ఇవి జన్యువు మొదట్లో తమకు నిర్ణయమైన చోట వచ్చి కూర్చుంటాయి. కూర్చుంటే నకలు మొదలవుతుంది, లేస్తే ఆగుతుంది. సూక్ష్మజీవులలో ఇటువంటి ఏర్పాటు ఉన్నదని 1961లో పారిస్‌లో జాకోబ్, మొనోలు వివరించినారు. మనిషి కణంనుండి ఇటువంటి కారకాన్ని ఒకదానిని 1983లో బర్క్‌లీలో డైనన్, ట్జియన్ గుర్తించినారు. దాని పేరు ఎస్.పి.-1. జి, సి అనే అక్షరాలు దట్టంగా ఉన్నచోటు దాని పీట.

ఎస్.పి.-1ను కనుగొన్నప్పుడు కాన్సరు ప్రసక్తి అంతగా లేదు. అది ప్రతి కణంలోనూ ఉండే సామాన్య గుమాస్తా అనుకొన్నారు. వి.ఇ.జి.ఎఫ్. జన్యువును చదివి చూచిన తరువాత దాని మొదట్లో ఈ గుమాస్తా కూర్చునే పీటలు వరుసగా కనిపించినవి.

వేరొకవైపున బాల్టిమోర్‌లో గ్రెగ్ సెమెంజా కాన్సరును గురించి కాక కొండలను గురించి ఆలోచిస్తూన్నాడనవచ్చు. ఎత్తైన కొండలమీద ప్రాణవాయువు పలుచన. అక్కడ మనిషి మూత్రపిండాలు ఒక హార్మోనును వెలువరించి ఎర్రకణాలను పెంచుతాయి. గాలి పలుచనైనదని ఆ కణానికి ఎట్లా తెలిసినది? ఈ ప్రశ్న వెంట పోయి 1992లో ఆయన ఒక కారకాన్ని కనుగొన్నాడు. 1995లో దాన్ని శుద్ధిచేసినాడు. దాని పేరు హిఫ్-1. మరుసటి ఏడే వి.ఇ.జి.ఎఫ్. జన్యువుకు కూడ నకలు తీయించేది ఇదేనని ఆయన బృందం చూపినది. ఇంగ్లండులో రాట్‌క్లిఫ్, బోస్టన్‌లో కేలిన్ ఈ యంత్రాంగంలోని రహస్యాన్ని 2001లో విప్పినారు. కణం హిఫ్‌ను ఎల్లప్పుడూ తయారు చేస్తూనే ఉంటుంది. ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్నప్పుడు ఆ వాయువే హిఫ్‌పైన ఒక ముద్ర వేస్తుంది. ముద్రపడిన హిఫ్‌ను కణం కొద్ది నిమిషాలలో నాశనం చేస్తుంది. వాయువు తగ్గితే ముద్ర పడదు. హిఫ్ బ్రతికిపోయి కణకేంద్రానికి పోతుంది. నెత్తురుకు కబురు వెళుతుంది. ఈ ముగ్గురికీ 2019లో నోబెల్ బహుమానం వచ్చినది.

థామ్లిన్‌సన్, గ్రేల కొలత ఇప్పుడు జ్ఞాపకం చేసుకోండి. నాళానికి మిల్లీమీటరులో ఐదవవంతు దూరాన ఉక్కిరిబిక్కిరి అవుతూన్న కాన్సరు కణం చావబోతూ చేసేది ఇదే: హిఫ్ ద్వారా నెత్తురును పిలవడం. ఆరోగ్యవంతుని గాయం మానేటప్పుడు, గర్భంలో శిశువు పెరిగేటప్పుడు పనికివచ్చే ఏర్పాటునే కంతి వాడుకుంటూన్నది. కొత్తగా కల్పించినది ఏమీ లేదు.

జీర్ణాశయపు కాన్సరుకు ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉన్నది. ఊపిరాడకపోవడం ఒక్కటే ఇక్కడ కారణం కాదు. 1980ల మొదట్లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ జీర్ణాశయపు పొరలో కాపురముండే హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవిని గుర్తించినారు. 1994లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ దాన్ని కాన్సరు కారకంగా నిర్ణయించినది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమానం లభించినది. ఈ జీవి చిన్ననాడే కడుపులో చేరి దశాబ్దాలపాటు మంట రగిలిస్తూ ఉంటుంది. ఆ మంట ఎన్.ఎఫ్.-కప్ప-బి అనే ఇంకొక నకలు కారకాన్ని మేలుకొలుపుతుంది. అది తీయించే నకళ్లలో ఇంటర్‌ల్యూకిన్-8 ఒకటి. తెల్లకణాలను పిలవడం దాని వృత్తి, నాళాలను పిలవడం కూడ దానికి తెలుసు. కనుక కాన్సరు పుట్టకముందే ఆ చోట పిలుపులు అలవాటై ఉన్నవి.

2003 మొదలు కొన్ని సంవత్సరాలపాటు అమెరికాలోని హ్యూస్టన్ నగరపు ఆండర్సన్ కాన్సరు కేంద్రంలో ఒక బృందం, శస్త్రచికిత్సలో తొలగించి భద్రపరచిన జీర్ణాశయపు కాన్సరు ముక్కలను ఒక్కొక్కటిగా పరీక్షించినది. ఎస్.పి.-1 మెండుగా ఉన్న ముక్కలలో వి.ఇ.జి.ఎఫ్. కూడ మెండుగా ఉన్నది. అటువంటి కాన్సరు ఉన్న రోగులు తక్కువకాలం బ్రతికినారు. 2005లో స్టాట్-3 అనే ఇంకొక కారకాన్ని గురించి, 2009లో ఫాక్స్-ఎం-1 అనే వేరొక దానిని గురించి అటువంటి ఫలితాలే వచ్చినవి. రెండు వస్తువులు ఒకచోట కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి తల్లి కాదన్న సంగతి నిజమే. అందువలన ఎలుకలలో ప్రయోగాలు చేసినారు. మనిషి జీర్ణాశయపు కాన్సరు కణాలలో హిఫ్-1 పనిచేయకుండ చేసి ఎలుకలకు అంటగడితే, కంతులు చిన్నవైనవి, నాళాలు తగ్గినవి, వచ్చిన నాళాలు కూడ సరిగా ముదరలేదు. ఇది 2004 నాటి మాట. 2008లో ఎస్.పి.-1 పనిని అడ్డినప్పుడు కూడ కంతీ, నాళాలూ తగ్గినవి. అంటే జీర్ణాశయపు కాన్సరులో నెత్తురుకు కబురు వ్రాసే చేయి ఒకటి కాదు. ఒకడు ఊపిరాడక వ్రాస్తే, ఒకడు మంటకు వ్రాస్తాడు. ఇంకొకడు కారణం లేకుండనే వ్రాస్తూ ఉంటాడు.

ఈ సంగతి తెలియడం ఎంత అవసరమో చికిత్స చరిత్ర చెపుతుంది. 1998 మేలో ఫోక్‌మన్ ఎలుకల ప్రయోగాలను గురించి పత్రికలు పెద్ద అక్షరాలతో వ్రాసినవి. దేశదేశాల రోగులు ఆ మందులకోసం ఎగబడినారు. ఎలుకలలో కరిగిపోయిన కంతులు మనుష్యులలో ఆ విధంగా కరగలేదు. మరణశయ్యమీద ఉన్నవానికి పత్రికలవారు చేసిన వాగ్దానాన్ని ఎవరు తీర్చగలరు? ఆ తొందరపాటును నేను సులభంగా క్షమించలేను.

ఫోక్‌మన్ 1971లో ఊహించిన చికిత్స 33 ఏండ్లకు, 2004లో, పెద్దప్రేవు కాన్సరుకు వచ్చినది. అది వి.ఇ.జి.ఎఫ్.ను పట్టుకొనే బెవసిజుమాబ్ అనే మందు. సహజంగానే దాన్ని కడుపు కాన్సరుకూ ప్రయత్నించినారు. ఆసియా, ఐరోపా, అమెరికా ఖండాలలో 774 మంది ముదిరిన రోగులమీద జరిపిన ఆ పరీక్ష ఫలితం 2011లో వెలువడినది. మామూలు మందులతోపాటు ఇది కూడ పొందినవారి ఆయువు మధ్యస్థంగా 12.1 నెలలు; పొందనివారిది 10.1 నెలలు. గణితశాస్త్రం ఆ రెండు నెలల భేదాన్ని నమ్మదగినదిగా అంగీకరించలేదు. 2014లో రాముసిరుమాబ్ వచ్చినది. ఇది కబురును కాక, నాళం గోడమీద ఆ కబురును అందుకొనే వాకిలిని మూసివేస్తుంది. ఒక చికిత్స అప్పటికే విఫలమైన రోగులలో, ఈ మందు ఒక్కటే ఇచ్చినప్పుడు ఆయువు 3.8 నెలలనుండి 5.2 నెలలకు, ఇంకొక మందుతో కలిపి ఇచ్చినప్పుడు 7.4 నెలలనుండి 9.6 నెలలకు పెరిగినది. ఈసారి గణితం ఒప్పుకొన్నది. మందు వాడుకలోకి వచ్చినది. ఆరేడు వారాలు, తొమ్మిది వారాలు అని మనం తేలికగా చదివివేస్తాము. కూతురి పెండ్లి ముహూర్తం వచ్చే నెలకు ఉన్న తండ్రి అట్లా చదవడు. అయినా ఫోక్‌మన్ ఆశించినది వారాలు కాదు.

ఒక వాకిలి మూస్తే కబురు వేరొక వాకిలిన పోతుంది. పైగా నాళాలను కట్టివేసినకొద్దీ కంతిలో ప్రాణవాయువు ఇంకా తగ్గుతుంది; తగ్గినకొద్దీ హిఫ్ ఇంకా విజృంభిస్తుంది. మందే శత్రువును మేల్కొలిపినట్లవుతూన్నది. అటువంటప్పుడు వ్రాసే చేతినే పట్టుకోరాదా అని ఎవరికైనా తోస్తుంది. శాస్త్రజ్ఞులకూ తోచినది. అయితే నకలు కారకాలు మందుకు లొంగేవి కావని చాలకాలం అనుకొన్నారు. మందు పోయి ఇమడడానికి తగిన సందు వాటిలో కనిపించదు. మిత్రామైసిన్ అనే పాత మందు జన్యువుమీద ఎస్.పి.-1 పీటను తానే ఆక్రమిస్తుంది కాని, దాని విషగుణం ఎక్కువ. 2021 ఆగస్టులో మాత్రం ఒక తలుపు తెరుచుకొన్నది. హిఫ్ కుటుంబంలోని హిఫ్-2 అనే కారకాన్నే నేరుగా పట్టుకొనే బెల్జుటిఫాన్ అనే మందును, వంశపారంపర్యంగా మూత్రపిండాలలోనూ, మెదడులోనూ నెత్తుటి కంతులు పుట్టే ఒక వ్యాధికి అమెరికా ప్రభుత్వం అనుమతించినది. అది జీర్ణాశయపు కాన్సరుకు ఇచ్చిన అనుమతి కాదు. మూత్రపిండపు వ్యాధిలో వ్రాసే చేయి ముఖ్యంగా ఒకటే. కడుపులో చేతులు చాల.

ఫోక్‌మన్ దీన్ని చూడలేదు. 2008 జనవరి 14న, ఒక సభకు ప్రయాణమై పోతూ, డెన్వర్ విమానాశ్రయంలో మరణించినాడు.

2022లో ప్రపంచం మొత్తంమీద సుమారు 9 లక్షల 68 వేలమందికి ఈ కాన్సరు కొత్తగా వచ్చినది. 6 లక్షల 60 వేలమంది దీనికి బలియైనారు. ఈ వ్యాధి మిక్కిలిగా ఉన్న దేశాలలో జపాను ఒకటి. కొత్త మందులకోసం ఎదురుచూడకుండ ఆ దేశంవారు 1960లలోనే ఊరూరా బేరియం త్రాగించి, ఎక్స్‌రే తీసి, కడుపులు పరీక్షించడం మొదలుపెట్టినారు. జీర్ణాశయపు పైపొరలు దాటని కాన్సరును తొలిదశ కాన్సరు అనాలని 1962లో అక్కడి వైద్యులు నిర్ణయించినారు. తరువాత నోటిగుండా గొట్టం పంపి కంటితో చూచే పద్ధతి వచ్చినది. ఆ దశలో దొరికిన కాన్సరును నేడు చాలమందికి పొట్ట కోయకుండనే ఆ గొట్టంతోనే ఒలిచి తీసివేస్తూన్నారు. అటువంటివారిలో నూటికి తొంభైమందికి పైగా అయిదేండ్ల తరువాత బ్రతికి ఉంటూన్నారు. బిల్‌రోత్ చేసినదీ, వారు చేస్తూన్నదీ ఒకే పని, తీసివేయడమే. వియన్నాలో ఆనాడు కంతి పిలుపుకు నెత్తురు బదులు పలికి ఎంతకాలమో అయినది.